క్యాంపస్ కట్టే ముందు ఆ నేలను ఎరిగినవాళ్లతో నడవండి

2021 నవంబరు వానలను తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్లు దూకిన తీరు, ఘాట్ రోడ్డు మీద విరిగిపడిన బండలు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు. ఆ వారంలోనే, నేను అప్పట్లో పనిచేస్తున్న ఒక కాలేజీలో, చంద్రగిరి వైపు, హాస్టల్ కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పిల్లలు పరుపులు నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకి ఎక్కారు. పంపులు తెప్పించాం. ఇంజనీర్లు వచ్చి డ్రైనేజీ సైజు సరిపోలేదన్నారు. మూడో రోజు కాంపౌండ్ గోడ అవతల ఉన్న యానాదుల (ఇక్కడి ఒక గిరిజన తెగ) కాలనీ నుంచి ఒక అవ్వ వచ్చి, గోడను కాసేపు చూసి, ఒక్క మాట అంది: "వంక మింద గోడ కట్టినారు గదా నాయనా, నీళ్లు యాడికి పోతాయి?"

ఆ గోడ కట్టాలని తీర్మానం చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆ కాలనీ మా గోడకు వంద అడుగుల దూరంలో ఉంది. మాలో ఒక్కరం కూడా వెళ్లి అడగలేదు, అడగాలని తోచను కూడా లేదు. ఆ తర్వాత రెండు క్యాంపస్‌ల పనిలో ఆ తప్పు మళ్లీ జరగకుండా చూసుకున్నాను. అలా నేర్చుకున్నది, బయటి దేశాల్లో చేసినవాళ్ల గురించి చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొత్త యూనివర్సిటీ కడుతున్నవాళ్లు, పాతదానికి కొత్త బ్లాకులు కలుపుతున్నవాళ్లు, ప్రిన్సిపాళ్లు, ఎస్టేట్ ఆఫీసర్లు, ఆర్కిటెక్చర్ పిల్లలు, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఒక మాట. కట్టే ముందు ఆ నేల ఆదివాసులను అడిగి, వాళ్లతో కలిసి ప్లాను వేసే పనిని కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ యూనివర్సిటీలు చాలా ఏళ్లుగా చేస్తున్నాయి. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ఉన్నది మస్క్వియం అనే ఆదిమ జాతి నేల మీద, ఏ ఒప్పందంతోనూ వాళ్లు వదులుకోని నేల అది, ఆ మాట యూనివర్సిటీయే బాహాటంగా ఒప్పుకుంటుంది. మన దగ్గర లెక్క వేరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా (రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం) లేదు, అంటే 1996 నాటి పెసా చట్టం ఇక్కడ వర్తించదు, గ్రామసభను అడిగి తీరాలని మిమ్మల్ని ఎవరూ నిలదీయరు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూములకే. మీ సైటు మామూలు రెవెన్యూ భూమి అయితే యానాదులనో, ఇరుళలు అనే ఇంకో తెగవాళ్లనో సంప్రదించాలని ఏ కాగితమూ చెప్పదు. కాబట్టి ఇక్కడ ఎవరైనా ఈ పని చేశారంటే తమంతట తాము అనుకుని చేయాల్సిందే. చేయాలనే నేను అడుగుతున్నాను.

మొదట పాత కాగితాలు, పాత పేర్లు

ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లకముందే మండల సర్వేయర్ దగ్గరికి వెళ్లండి. ఆ ఊరి గ్రామపటం, మీ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీలు (ఒక్కో నంబరు కొలతల పటాలు), పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (బ్రిటిష్ కాలపు భూమి లెక్కల పుస్తకం) ఆ నంబర్ల ఎదురుగా ఏం రాసుందో చూడండి. వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, బండిదారి, శ్మశానం అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో మీ ప్లాను మీద గుర్తు పెట్టుకోండి. ఇవాళ నేల మీద ఏమీ కనిపించకపోవచ్చు, చదును చేసేసి ఉంటారు. నీళ్లు మాత్రం పాత దారి మర్చిపోవు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలు వెనక్కి జరిపి చూసే వీలుంది, అదీ చూడండి, ముఖ్యంగా వానాకాలం తర్వాత తీసినవి.

తర్వాత పేర్లు. తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట, రేణిగుంట. ఒకసారి పైకి చదివి చూడండి, తిరుపతి చుట్టూ ఎన్ని గుంటలున్నాయో. చింతలచేను అన్న చోట చింతచెట్లు ఉండేవని, మిట్ట అన్న చోట నీళ్లు నిలవవని, మడుగు అన్న చోట ఎండాకాలంలోనూ తడి ఉండేదని ఆ పేర్లే చెబుతాయి. మీ సైటులో ప్రతి చేనుకీ, ప్రతి గుట్టకీ ఇలాంటి పేరు ఒకటి ఉంటుంది, రికార్డుల్లో ఉండదు, మనుషుల నోట్లో ఉంటుంది. వాటి కోసమే తర్వాతి పని.

ఎవరిని అడగాలి

మీ సైటు చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఎవరున్నారో చూడండి. మన ప్రాంతంలో యానాదులు దాదాపు ప్రతి చెరువు కట్ట దగ్గరా ఉంటారు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 5 లక్షలకు పైనే. తమిళనాడు సరిహద్దు వైపు వెళితే ఇరుళలు. మదనపల్లె వైపు సుగాలి తండాలు. ఎరుకుల కుటుంబాలు చాలా ఊళ్లలో ఉంటాయి, ఈత, వెదురు బుట్టల పని వాళ్లది. వీళ్లందరినీ "గిరిజనులు" అన్న ఒక్క మాటలో కట్టిపడేయొద్దు. యానాదికి తెలిసిన నేల వేరు, సుగాలికి తెలిసిన నేల వేరు. ఒకరు చెరువు, అడవి అంచు, పొలం గట్టు మీద బతికినవాళ్లు, ఇంకొకరు పశువులతో దూరాలు తిరిగిన వంశాలవాళ్లు.

వీళ్లతో పాటు ఇంకో ఇద్దరిని తప్పకుండా పిలవండి. ఒకరు నీరుగంటి, అంటే చెరువు తూము తెరిచి ఏ మడికి ఎంత నీరో పంచే మనిషి, ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు. ఇంకొకరు మేకలు కాసుకునేవాళ్లు. ఆదివాసీలైనా కాకపోయినా నేలను పాదాలతో చదివినవాళ్లు వీళ్లు.

ఎవరి ద్వారా వెళ్తారన్నది కూడా ముఖ్యమే. సర్పంచి ద్వారానో, ఊరి పెద్దమనిషి ద్వారానో కబురు పంపితే, ఆయన పొలంలో కూలికి వెళ్లేవాళ్లు ఆయన ముందు నోరు విప్పరు. చాలా యానాది కుటుంబాలు తరతరాలుగా అప్పుల కింద వేరేవాళ్ల తోటల కాపలాలో బతికాయి, ఆ భయం ఒక్క మీటింగుతో పోదు. కాలనీలో అంగన్‌వాడీ టీచరు ఉంటే ఆమెతో వెళ్లండి, లేదా మీ కాలేజీలోనే ఆ కుటుంబాల పిల్లలు చదువుతుంటే వాళ్లతో. కారు దూరంగా ఆపి నడిచి వెళ్లండి. మొదటి రోజు ప్లాను కాగితాలు తీసుకెళ్లొద్దు, ఫొటోలు తియ్యొద్దు. కూర్చుని మాట్లాడండి, వాళ్లు టీ ఇస్తే తాగండి. తాగకపోతే ఆ రోజుతో మీ పని అయిపోయినట్టే.

నడక

అసలు పని ఇదే. మిగతావన్నీ తగ్గించినా దీన్ని తగ్గించొద్దు.

కనీసం మూడుసార్లు నడవాలి: నడి ఎండాకాలం ఒకసారి, మొదటి వానలకు ఒకసారి, అక్టోబరు నవంబరు నెలల్లో ఈశాన్య వానలు దంచినప్పుడు ఒకసారి. మన దగ్గర వరద తెచ్చేది ఎక్కువగా ఆ మూడో కాలమే, దాన్ని చూడకుండా గీసిన ప్లాను సగమే. వచ్చినవాళ్లకు రోజు డబ్బు ఇవ్వండి, కూలి రేటు కాదు, మీ కన్సల్టెంటుకి సైటు విజిట్‌కి ఇచ్చే లెక్కలో ఇవ్వండి, రశీదు రాసి వాళ్ల పేరుతో ఫైల్లో పెట్టండి. ఆడవాళ్లను విడిగా పిలవండి. ఆకులు, వేర్లు, నీళ్ల చెలమల సంగతి వాళ్లకు బాగా తెలుసు, మగవాళ్ల ముందు చెప్పరు.

గోడ దగ్గర మాట్లాడిన ఆ అవ్వతో నేను మొదటిసారి నడిచిన పొద్దు చెప్తాను. వానలు తగ్గిన నెలకి. ఆమె చేతిలో మూరెడు పొడవున్న చిన్న గునపం. వంక పక్కన ఒక బలుసు పొద దగ్గర ఆగి, కొమ్మల మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డి పోచల్ని వేలితో చూపించింది. నా నడుము ఎత్తున ఉన్నాయి. "ఇంతెత్తు వచ్చిపోయింది" అంది. మేం డబ్బు పోసి చేయించాలనుకున్న వరద మట్టం సర్వే ఆ పొదలో ఉంది. నాలుగు అడుగులు వేశాక ఒక పుట్ట. దాన్ని చుట్టి వెళ్లింది, తొక్కనివ్వలేదు, పాము ఉందా అనడిగితే పుట్ట మొదట్లో మన్ను చూడమంది, వెలుపలికి తోసిన కొత్త మన్ను తడిగా ఉంది, ఎలుక ఆడుతోందట, ఎలుక ఉన్న చోటికి పాము వస్తుందట, ఎలుకలెందుకున్నాయంటే మా మెస్సు వెనకాల పారేసిన అన్నం అక్కడికి ముప్పై అడుగుల దూరంలోనే ఉందట. హాస్టల్లోకి పాములు వస్తున్నాయని ఏడాదిగా మందులు చల్లుతున్నాం, చెత్త చోటు మార్చాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంకాస్త ముందుకెళ్లాక కూర్చుంది. గునపంతో తవ్వి నన్నారి వేరు తీసింది. వాసన ముక్కుకు కొట్టింది, ఎండాకాలం తిరుపతి వీధుల్లో షర్బత్ బండి దగ్గర వచ్చే వాసనే. వేరంతా లాగలేదు. ఒక పాయ కోసుకుని, మిగిలినదాని మీద మన్ను కప్పి, అరచేత్తో అదిమింది. "తల్లిని తియ్యకూడదు" అంది.

ఆ చోటు మా ప్లానులో టూవీలర్ పార్కింగ్.

నడుస్తూ రాసుకోవాల్సినవి ఇవి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి, ఎక్కడ నిలుస్తాయి. ఏ చెట్టు కింద ఎవరు కూర్చుంటారు. ఏ దారిన శవాన్ని తీసుకెళ్తారు (యానాదులు పూడ్చిపెడతారు, ఆ దారి మూసేస్తే వాళ్లకు ఇంకో దారి ఉండదు). పొలిమేర రాయి ఎక్కడ, గంగమ్మకు కుండ పెట్టే చోటెక్కడ, మేకలు ఏ వేళకు ఎటు దాటుతాయి. చెప్పిన మాట చెప్పినట్టు రాసుకోండి, "స్థానికుల నమ్మకం" అని శీర్షిక పెట్టి పక్కన పడేయొద్దు.

ఇది నమ్మకం సంగతి ఎందుకు కాదో ఒక ఉదాహరణ చెప్తాను. కలివి కోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1986లో మన పక్కనే కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది, రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని పట్టింది అక్కడి ఊరివాడే. ఎనభై ఆరేళ్లు లేదనుకున్న పక్షికి ఆ ఊళ్లలో పేరు ఉంది, అది తిరిగే పొదలు తెలుసు, అడిగినవాళ్లు లేరంతే.

ప్లాను మీద ముందు వదలాల్సినవి గీయండి

ఆర్కిటెక్టుకు మీరిచ్చే మొదటి డ్రాయింగులో భవనాలు ఉండకూడదు. కట్టకూడని చోట్లు మాత్రమే ఉండాలి. వంక, దానికి రెండు వైపులా వరద మట్టం దాకా నేల, కుంట, కుంటలోకి నీళ్లు తెచ్చే కాలువ, మొరవ (కుంట నిండాక నీళ్లు పొర్లే చోటు) నుంచి బయటికి పోయే దారి, పుట్టలు, పెద్ద చెట్లు, శ్మశానం దారి, పూజ చోట్లు. ఇవి గీశాక మిగిలిన నేల మీద బ్లాకులు పెట్టమనండి. ఆర్కిటెక్టు గొణుగుతాడు, యాక్సిస్ కుదరలేదంటాడు. పర్వాలేదు.

మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ఒక సంగతి ఉంది. క్యాంపస్ కింద ఒకప్పుడు పారిన వాగును ఎప్పుడో పైపుల్లో కప్పేశారు. కానీ ఈల్ అనే పాములా పొడవుగా ఉండే చేపలు ఇప్పటికీ ఆ వాననీటి పైపుల్లోంచే వలస వెళ్తున్నాయి. ఆ నేల ఆదివాసులకు ఆ చేప కథ తెలుసు. ఈమధ్య విద్యార్థుల కోసం కొత్త ఆవరణ కట్టినప్పుడు వాళ్లతో కలిసి కూర్చుని, ఆ పాత వాగు దారిని ఆవరణ డిజైన్‌లోకి తెచ్చారు. వాగును పూర్తిగా పోగొట్టుకున్నాక వాళ్లు చేసిన పని అది. మనకు చాలాచోట్ల వంక ఇంకా బతికే ఉంది, కంపచెట్లు, ప్లాస్టిక్కు తీసేస్తే చాలు. మీ క్యాంపస్‌లో వంక ఉంటే దాని మీద స్లాబు వేయకండి, పక్కన కానుగ చెట్లు పెట్టి మెట్లు కట్టండి, పిల్లలు కూర్చుంటారు.

కాంపౌండ్ గోడ గురించి. సెక్యూరిటీ కోసం గోడ కావాలంటారు, నాకూ తెలుసు. వంక దాటే చోట గోడ వద్దు, ఇనుప గ్రిల్లు పెట్టండి, అదీ వరద మట్టం మీద లెక్కేసి, చెత్త పట్టుకోకుండా చువ్వల మధ్య ఎడం వదిలి. శ్మశానం దారికి గేటు పెట్టండి, తాళంచెవి ఒకటి కాలనీవాళ్ల దగ్గర ఉండాలి. ఈ తాళంచెవి విషయంలో మేనేజ్‌మెంట్లతో నేను పడినంత గొడవ ఇంకే విషయంలోనూ పడలేదు. అయినా వదలొద్దు.

చెట్లు

ఇక్కడ జరిగినంత తప్పు ఇంకెక్కడా జరగదు. జేసీబీ వచ్చి బీడంతా గీకేస్తుంది, ఆ తర్వాత నర్సరీ లారీ దిగుతుంది, కోనోకార్పస్, రాయల్ పామ్, అమెరికన్ లాన్. కోనోకార్పస్ ఎక్కడో ఎండిన సముద్రతీరాల చెట్టు. మనది శేషాచలం అడుగున ఉన్న నేల. 2010లో ఈ కొండలను బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం, తంబ జలారి, మొగి, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల పెరిగే చెట్లు మన బస్సు కిటికీలోంచి కనిపించే కొండ మీద ఉన్నాయి.

గీకించకండి. బీడులో ఉన్న బలుసు, రేగు, తంగేడు, కలివి, ఈత, వాటంతటవి వచ్చినవి. వాటిని ఉంచి మధ్యలో దారులు వేయండి. నాటాల్సిన చోట చింత, వేప, నేరేడు, ఉసిరి, కానుగ, పాలచెట్టు, మర్రి నాటండి, అటవీశాఖ నర్సరీల్లో చాలావరకు దొరుకుతాయి. ఎర్రచందనం నాటొచ్చు గానీ, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, దొంగల భయం వేరే, ఆ సంగతి ముందే ఆలోచించుకోండి. పాత బీడును బాగుచేసి అడవిలా పెంచడం కుదురుతుందా అని ఎవరైనా అంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలుకి ఒకసారి వెళ్లి రమ్మనండి. కరువు లోయలో దశాబ్దాల పాటు చెట్లు పెంచుకుంటూ వచ్చారు, పిట్టల కూతలే చెబుతాయి.

చెట్లతో పాటు ఏరుకునే హక్కు కూడా రాసివ్వాలి. చింతకాయలు రాలినప్పుడు, నేరేడు పండ్లు వచ్చినప్పుడు, ఈత ఆకు కోసే కాలంలో, నన్నారి తవ్వే కాలంలో కాలనీవాళ్లు లోపలికి రావచ్చని ఒక తీర్మానం చేసి, గేటు దగ్గర సెక్యూరిటీకి ఆ కాగితం ఇచ్చి ఉంచండి. చాలా క్యాంపస్‌లలో చింతపండు వేలం వేస్తారు, పది పన్నెండు వేల కోసం. ఆ వేలం ఆపేయండి.

భవనాల గురించి కొంచెమే

యానాది గుడిసె ఆకారంలో కాంక్రీటు రిసెప్షన్ కట్టొద్దు. గోడ మీద విల్లంబులు పట్టుకున్న మనుషుల బొమ్మలు వేయించొద్దు. కెనడాలోని రెజైనాలో ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ భవనం 2003లో తెరిచారు, వంపులు తిరిగిన గోడలు, మధ్యలో అక్కడి ఆదిమ జాతుల తిపీ (గుడారం) ఆకారంలో గాజు గది. చూడ్డానికి బాగుంటుంది. అక్కడ ఆ ఆకారానికి అర్థం ఉండటానికి కారణం, డగ్లస్ కార్డినల్ అనే దాని ఆర్కిటెక్టు ఆదిమ జాతుల వంశంవాడు, ఆ యూనివర్సిటీ నడిపేదీ వాళ్లే. ఆకారం అరువు తెచ్చుకుంటే అది ఎగ్జిబిషన్ స్టాల్ అవుతుంది.

చేయాల్సినవి తేలిక. మన ఎండకు తగ్గ పంచలు, అరుగులు. రాతి కూసాలు, బండలు ఇక్కడే దొరుకుతాయి. చెట్టు చుట్టూ రచ్చబండ. గదిలో బల్లల వరసలు చూస్తే నోరు మూతపడేవాళ్లు నేల మీద గుండ్రంగా కూర్చుంటే మాట్లాడతారు, కాబట్టి అలా కూర్చునే ఒక పెద్ద చావడి మీ బడ్జెట్‌లో ఉండాలి. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీకి 1986 నుంచి క్యాంపస్‌లోనే అక్కడి ఆదివాసులైన మావొరీల మరాయె ఉంది, అంటే వాళ్ల సభా స్థలం. అది మ్యూజియం కాదు, అక్కడ పాఠాలు జరుగుతాయి, అతిథులకు స్వాగతం పలుకుతారు. అక్కడ ఎలా నడుచుకోవాలో చెప్పేది మావొరీలే. మన చావడి విషయంలోనూ అదే కావాలి: నెలకు కనీసం రెండు రోజులు దాన్ని ఎలా వాడాలో కాలనీవాళ్లే చెప్పాలి.

పేర్లు

పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గరున్న హార్స్‌లీ హిల్స్ అందరికీ తెలుసు. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు కాపాడుతుండగా ఆ కొండ మీద మల్లమ్మ అనే పిల్ల ఉండేదని, కింది ఊళ్లవాళ్ల రోగాలు నయం చేసేదని, ఒకరోజు కనిపించకుండా పోయిందని కథ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, పేరు మారిపోయింది. మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది, వెళ్లేవాళ్లు చాలామంది దాని ముందు నుంచే వెళ్లిపోతారు.

మీ క్యాంపస్‌లో బ్లాకులకు ఏ, బీ, సీ అని పెట్టే ముందు నడకలో రాసుకున్న పేర్లు తీయండి. ఆ చేనును ఏమనేవాళ్లో ఆ బ్లాకుకు అదే పేరు. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వీధి బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు మస్క్వియం వాళ్ల భాషలో కూడా పేర్లు పెట్టారు, వాళ్లతో కలిసి. మన యానాదులు మాట్లాడేది తెలుగే, కాబట్టి వేరే లిపి అక్కర్లేదు, వాళ్ల మాట పెడితే చాలు. సుగాలీలకు, ఎరుకులకు సొంత భాషలున్నాయి, అవి తెలుగు లిపిలో రాయొచ్చు, రాసేముందు ఇంటి పెద్దలతో పలికించి వినండి.

ఇక భూమిపూజ. శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం జరిగేది వేటగాడైన కన్నప్ప కొండ మీద, ఆ తర్వాతే స్వామికి. వందల ఏళ్లుగా కథలు వింటున్న ఆ మర్యాదను మన శంకుస్థాపనల్లో పాటించడం కష్టమేమీ కాదు. మంత్రిగారి కుర్చీ పక్కన కాలనీ పెద్ద కుర్చీ వేయండి, మొదటి కొబ్బరికాయ వాళ్ల చేత కొట్టించండి.

వాళ్ల దగ్గర నేర్చుకున్నది మీది కాదు

నడకలో వేర్ల గురించి, ఆకుల గురించి, పాముకాటు మందుల గురించి చాలా వింటారు. మీ బోటనీ, ఫార్మసీ డిపార్ట్‌మెంట్లకు నోరూరుతుంది. ఇక్కడ ఆగాలి. 1987లో కేరళ అడవుల్లోకి వెళ్లిన శాస్త్రవేత్తలు తమకు దారి చూపుతున్న కాణి జాతివాళ్లు అలసిపోకుండా నడవడం చూసి, వాళ్లు తింటున్న పండ్ల గురించి అడిగారు. ఆరోగ్యపచ్చ అనే మొక్క అది. దాంతో జీవని అనే మందు తయారైంది. 1995లో దాన్ని ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన ఫీజు, రాయల్టీలో సగం కాణి వాళ్లకని ఒప్పుకున్నారు, 1997లో వాళ్ల పేరున ట్రస్టు ఏర్పడింది. అందులోనూ తగాదాలు వచ్చాయి, అందరికీ అందలేదన్న మాట ఉంది. అయినా సగం అని ముందే రాసుకున్నారు, అది పెద్ద విషయం.

మీరు కూడా ముందే రాసుకోండి. ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు, ఎవరి పేరు పెట్టాలి అన్నది వాళ్లే చెప్పాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో అది బీరువాలో దుమ్ము పట్టి ఉంటే మీ విద్యార్థులతో, కాలనీవాళ్లతో కలిసి దాన్ని పూర్తి చేయించండి. కాలేజీ ఒక ఊరికి చేయగల మంచి పనుల్లో ఇది ఒకటి.

మనుషులు లోపలికి రావాలి

ఇదంతా చేసి, ఆ కాలనీ నుంచి ఒక్క పిల్ల కూడా మీ క్యాంపస్‌లో చదవకపోతే నాకు దుఃఖంగా ఉంటుంది. శ్రీహరికోట గుర్తుంది కదా. ఆ దీవి యానాదుల నేల. 1971 నుంచి అక్కడి నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి, దేశమంతా గర్వపడింది, నేనూ పడతాను. కానీ ఆ అడవిలో దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికినవాళ్లు తమ చోటు వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ఇంత పెద్ద చదువుల కట్టడం వచ్చిన చోట ముందునుంచీ ఉన్నవాళ్ల పిల్లలు ఎంతమంది ఆ చదువు చదివారన్న ప్రశ్న మన క్యాంపస్‌లకూ వర్తిస్తుంది.

సీట్లకు రిజర్వేషన్ ఉంది, కానీ కుల సర్టిఫికెట్ లేక, ఆధార్ లేక, బడి మధ్యలో ఆగిపోయి, పిల్లలు గేటు దాకా రారు. కాలేజీ ఎన్ఎస్ఎస్ వాళ్లతో కాలనీలో సాయంత్రం ట్యూషన్ పెట్టించండి, సర్టిఫికెట్ల కోసం తహసీల్దారు ఆఫీసుకి మనిషిని తోడు పంపండి. ఉద్యోగాల్లో స్వీపర్లు, తోటపని దగ్గరే ఆపొద్దు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక దారి తెరిచింది, అందులో డిగ్రీ తప్పనిసరి కాదు, ఏళ్ల అనుభవం ఉంటే చాలు. చెన్నై పక్కన వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది, పాముకాటు మందుకు విషం చాలావరకు అక్కడి నుంచే వెళ్తుంది. ఆ ఇరుళల్లో వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అలాంటివాళ్లు జువాలజీ క్లాసులో నిలబడి పాఠం చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకొకటి. మన ప్రాంతంలో "యానాదోడు" అన్న మాటను తిట్టుగా వాడతారు. స్టాఫ్ రూముల్లో కూడా విన్నాను. యాంటీ ర్యాగింగ్ బోర్డు మీద ఈ మాటను పేరుపెట్టి రాయండి, వాడితే చర్య ఉంటుందని.

క్యాంపస్ ఎప్పుడో కట్టేసి ఉంటే

అప్పుడు చిన్నగా మొదలుపెట్టండి. ఈ నెలలో ఎఫ్ఎంబీలు తీసి పాత వంక దారిని క్యాంపస్ మీద సున్నంతో గీయించండి, పిల్లలు చూస్తారు, ఎక్కడెక్కడ క్లాసురూముల కిందుగా పోతుందో. వచ్చే నెల కాలనీకి వెళ్లండి. అక్టోబరు లోపు వంకకు అడ్డంగా ఉన్న గోడ దగ్గర మూడు చోట్ల అయినా తెరిపించండి.

మా దగ్గర గోడలో పన్నెండు అడుగులు కొట్టించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తీర్మానం, ఆడిట్ అభ్యంతరం, మళ్లీ తీర్మానం. కొట్టిన రోజు ఆ అవ్వకు కబురు పంపాం. వచ్చింది, ఇటుకలు తీసిన చోట వంగి నేల చూసింది, ఇంకో రెండు అడుగులు ఎడమపక్కకు కొట్టమంది. మేస్త్రీ నా వైపు చూశాడు. కొట్టమన్నాను. తర్వాతి నవంబరులో నీళ్లు ఆ ఎడమపక్క నుంచే పోయాయి.